మింగిన మందు ఒంటబట్టాలంటే...

ప్రవేశిక

జబ్బు చేసినప్పుడు మందు వేసుకోవడం అందరికీ తెలిసిన పనే. అయితే మందు కడుపులో పడినంత మాత్రాన పని చేయదు. అది కరగాలి. ప్రేగు గోడను దాటాలి. రక్తంలో కలవాలి. నీటిలో కరగని మందులను శరీరానికి అందించడానికి శాస్త్రజ్ఞులు పడిన పాట్లు, జరిగిన పొరపాట్లు, సాధించిన విజయాలు ఈ పాఠంలో చదవండి.

పాఠ్యభాగం

"ఎంత తిన్నా వీడికి ఒంటబట్టడం లేదు" అని పెద్దవాళ్లు పిల్లల గురించి అనుకోవడం తెలుగువారి ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఈ చిన్నమాటలో పెద్ద శాస్త్ర విషయం దాగి ఉంది. తినడం వేరు, తిన్నది ఒంటబట్టడం వేరు. ఆహారానికి వర్తించే ఈ నియమం మందుకు కూడా వర్తిస్తుంది. ఒంటబట్టడాన్ని శాస్త్ర పరిభాషలో 'శోషణ' అంటారు. శోషణ చెందని మందు ఎంత గొప్పదైనా బూడిదలో పోసిన పన్నీరే.

మాత్ర ప్రయాణం

నోట్లో వేసుకున్న మాత్ర ఆహారవాహిక గుండా జీర్ణాశయానికి చేరుతుంది. అక్కడ నీరు తగిలి విచ్చిపోయి చిన్న చిన్న రేణువులవుతుంది. ఆ రేణువులు చిన్నప్రేగులోకి దిగుతాయి. చిన్నప్రేగు సుమారు 6 మీటర్ల పొడవు ఉంటుంది. దాని లోపలి గోడ నిండా వేలి మొనలను పోలిన ఆంత్ర చూషకాలు ఉంటాయి. మందులలో చాలా భాగం శోషణ చెందేది ఇక్కడే.

అయితే మందుకు ఇక్కడ ఉండే వ్యవధి తక్కువ. జీర్ణాశయం నుండి వచ్చిన పదార్థం చిన్నప్రేగును దాటిపోవడానికి సాధారణంగా మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఆ లోపల మందు కరిగితే శరీరానికి దక్కుతుంది. కరగకపోతే మలంతో పాటు బయటికి పోతుంది. రైలు ఆగి ఉన్న కొద్దిసేపట్లోనే ప్రయాణికుడు దిగాలి. దిగలేకపోతే ఊరు దాటిపోతుంది. మందు పరిస్థితి కూడా అంతే.

రెండు ద్వారాలు

రక్తంలో చేరడానికి మందు రెండు ద్వారాలు దాటాలి. మొదటిది కరగడం. ప్రేగులో ఉండే ద్రవం ప్రధానంగా నీరే కాబట్టి మందు నీటిలో కరగాలి. రెండవది ప్రేగు గోడను దాటడం. ఆ గోడలోని కణాల చుట్టూ ఉండే త్వచం కొవ్వు పదార్థంతో ఏర్పడింది. కొవ్వులో ఇమిడే గుణం ఉన్న మందు ఆ త్వచాన్ని సులభంగా దాటుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. నీటితో బాగా కలిసే పదార్థానికి సాధారణంగా కొవ్వు పొసగదు. కొవ్వుతో కలిసే పదార్థానికి నీరు పొసగదు. పసుపును నీటిలో కలిపితే కాసేపటికి అడుగున పేరుకుంటుంది. అదే పసుపు పోపులోని నూనెకు తన రంగును వెంటనే ఇస్తుంది. పసుపులో రంగునిచ్చే కర్‌క్యుమిన్ నీటిలో దాదాపు కరగకపోవడమే దీనికి కారణం. చాలా మందుల స్వభావం కూడా ఇటువంటిదే.

1995లో అమెరికాకు చెందిన గోర్డన్ అమిడాన్, ఆయన సహచరులు ఈ రెండు గుణాలను ఆధారం చేసుకొని మందులను నాలుగు తరగతులుగా విభజించారు.

1. బాగా కరిగేవి, బాగా దాటేవి
2. సరిగా కరగనివి, కరిగితే బాగా దాటేవి
3. బాగా కరిగేవి, సరిగా దాటనివి
4. సరిగా కరగనివి, సరిగా దాటనివి

ఒక మోతాదు మందు ఒక గ్లాసు నీటిలో, అంటే 250 మిల్లీలీటర్లలో, పూర్తిగా కరుగుతుందా లేదా అన్నది కరగడానికి కొలబద్ద. రెండవ తరగతి మందులను ఎలాగైనా కరిగిస్తే చాలు, మిగిలిన పని అవే చేసుకుంటాయి. అందుకే శాస్త్రజ్ఞుల దృష్టి వీటి మీద ఎక్కువగా నిలిచింది.

తొందరపాటుకు చెల్లించిన మూల్యం

'ఎలాగైనా కరిగిస్తే చాలు' అనుకోవడం ఎంత ప్రమాదమో 1937లో అమెరికాలో తెలిసివచ్చింది. ఆ రోజుల్లో గొంతు నొప్పికి, చీము పట్టే జబ్బులకు సల్ఫనిలమైడ్ అనే మందు వాడేవారు. అది మాత్రల రూపంలోను, పొడి రూపంలోను దొరికేది. పసిపిల్లలు మాత్ర మింగలేరు కాబట్టి తియ్యని ద్రవరూపంలో కావాలని చాలామంది కోరారు. కాని ఆ మందు నీటిలో సరిగా కరగదు. ఒక సంస్థలోని రసాయన శాస్త్రజ్ఞుడు దానిని డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కరిగించాడు. మందు చక్కగా కరిగింది. రంగు, రుచి, వాసన పరీక్షించారు. అన్నీ బాగున్నాయి. ఆ ద్రవం శరీరానికి హాని చేస్తుందా అని మాత్రం పరీక్షించలేదు. అలా పరీక్షించి తీరాలని అప్పటి చట్టం కూడా చెప్పలేదు.

డైఇథిలీన్ గ్లైకాల్ మూత్రపిండాలను పాడుచేసే విషం. ఆ మందు తాగినవారిలో వందమందికి పైగా మరణించారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. గొంతు నొప్పి తగ్గుతుందని తల్లులు తమ చేతులతో పోసిన మందే బిడ్డల ప్రాణాలు తీసింది. దేశమంతా కలత చెందింది. మరుసటి ఏడు, 1938లో, కొత్త మందును అమ్మే ముందు అది సురక్షితమైనదని నిరూపించి తీరాలని అమెరికాలో చట్టం వచ్చింది.

కరిగించే ద్రవం కూడా మందులో భాగమేనన్న సత్యం ఇంత ఖరీదుకు లభించింది. ఆ తరువాత శాస్త్రజ్ఞులు సురక్షితమైన మార్గాలను వెదకసాగారు.

మొదటి మార్గం: నూరడం

నాటువైద్యులు మందును కల్వంలో వేసి గంటల తరబడి నూరేవారు. రేణువు ఎంత సన్ననైతే అంత త్వరగా కరుగుతుంది. పటికబెల్లం ముక్క కంటే దాని పొడి పాలలో త్వరగా కరగడం అందరూ చూసిందే.

పదార్థాలు కరిగే వేగాన్ని 1897లో ఆర్థర్ నాయిస్, విల్లిస్ విట్నీ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు కొలిచారు. వారు బెంజోయిక్ ఆమ్లాన్ని, లెడ్ క్లోరైడును కడ్డీలుగా చేసి నీటిలో తిప్పుతూ ఈ ప్రయోగాలు చేశారు. నీరు ఆ పదార్థాన్ని ఇంకా ఎంత ఇముడ్చుకోగలదో, దానిని బట్టి కరిగే వేగం ఉంటుందని వారు తెలుసుకున్నారు. నీటికి తగిలే ఉపరితల వైశాల్యం పెరిగిన కొద్దీ ఆ వేగం పెరుగుతుందని కూడా తరువాత స్పష్టమైంది.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ విషయం బోధపడుతుంది. ఒక్కొక్క అంచు 1 సెంటీమీటరు ఉన్న ఘనానికి ఆరు ముఖాలు. దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలవుతాయి. మొత్తం వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లవుతుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు, అంటే 1 మైక్రాన్ అంచు గల ఘనాలుగా కోయగలిగితే మొత్తం వైశాల్యం 60,000 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. పదార్థం అంతే, బరువు అంతే. నీటికి తగిలే చోటు మాత్రం పదివేల రెట్లయింది.

గ్రిసియోఫుల్విన్ అనే మందు దీనికి మంచి ఉదాహరణ. దీనిని 1939లో ఒక బూజు నుండి వేరుచేశారు. తామర వంటి శిలీంధ్ర వ్యాధులకు ఇది పని చేస్తుంది. కాని నీటిలో సరిగా కరగదు. 1960ల ప్రారంభంలో దీనిని మైక్రాన్ల స్థాయికి నూరి ఇచ్చి చూశారు. అప్పుడు సగం మోతాదుతోనే పని జరిగింది. అంతకుముందు 1 గ్రాము ఇవ్వవలసిన చోట అర గ్రాము సరిపోయింది.

నూరడం అక్కడితో ఆగలేదు. 1964లో కొందరు శాస్త్రజ్ఞులు పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవి నుండి మట్టిని సేకరించారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఒక మందు లభించింది. ఆ దీవికి స్థానికుల భాషలో రాపానూయి అని పేరు. ఆ పేరు మీదుగా దానికి రాపామైసిన్ అని పేరు పెట్టారు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారి శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఇది కాపాడుతుంది. నీటిలో కరగని ఈ మందును 1999లో మొదట ద్రవరూపంలో తెచ్చారు. దానిని శీతల పెట్టెలో దాచవలసి వచ్చేది. 2000లో మందును మైక్రాన్ కంటే చిన్న రేణువులుగా నూరి మాత్ర తయారు చేశారు.

రెండవ మార్గం: జత కలపడం

కొన్ని మందులు ఆమ్ల స్వభావం కలవి, కొన్ని క్షార స్వభావం కలవి. ఆమ్ల స్వభావం గల మందును సోడియంతోనో పొటాషియంతోనో కలిపి లవణంగా మారిస్తే నీటిలో బాగా కరుగుతుంది. మందు పెట్టెల మీద 'డైక్లోఫెనాక్ సోడియం' వంటి జంట పేర్లు కనిపించడానికి కారణం ఇదే.

లవణంగా మారని మందులకు వేరే తోడు కావాలి. పిండి పదార్థం నుండి తయారయ్యే సైక్లోడెక్స్‌ట్రిన్ అణువు అడుగు లేని బకెట్టు ఆకారంలో ఉంటుంది. దాని బయటి వైపుకు నీరంటే ఇష్టం, లోపలి వైపుకు అంత ఇష్టం లేదు. నీరు గిట్టని మందు అణువు ఆ లోపల కూర్చుంటుంది. బకెట్టుతో పాటు నీటిలో కలిసిపోతుంది. ఈ పద్ధతిలో చేసిన మందు 1976లో జపానులో మొదటిసారిగా అమ్మకానికి వచ్చింది.

మూడవ మార్గం: అమరిక మార్చడం

పటికబెల్లం, పీచుమిఠాయి రెండూ చక్కెరే. పటికబెల్లం నోట్లో చాలాసేపు ఉంటుంది. పీచుమిఠాయి నాలుకకు తగలగానే మాయమవుతుంది. పటికబెల్లంలో చక్కెర అణువులు కవాతులో నిలబడ్డ సిపాయిల వలె వరుసలు తీరి, ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆ రూపాన్ని స్ఫటికం అంటారు. పీచుమిఠాయిలో చక్కెరను కరిగించి ఒక్కసారిగా చల్లబరుస్తారు. అణువులకు వరుస తీరే వ్యవధి ఉండదు. తిరునాళ్లలో జనం వలె చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకే వాటిని నీరు సులభంగా విడదీయగలుగుతుంది. ఈ రూపాన్ని అస్ఫటిక రూపం అంటారు.

మందును కూడా ఇలా అస్ఫటికంగా మారిస్తే బాగా కరుగుతుంది. కాని పీచుమిఠాయికి గాలి తగిలితే కొంతసేపటికి జిగటగా మారి గట్టిపడుతుంది. అలాగే అస్ఫటిక రూపంలోని మందు అణువులు కూడా అవకాశం దొరికితే తిరిగి వరుసలు తీరుతాయి.

అటువంటి మార్పు ఎంత పని చేయగలదో 1998లో ప్రపంచం చూసింది. ఎయిడ్స్ రోగుల కోసం రిటోనవిర్ అనే మందు 1996లో వచ్చింది. దాని గొట్టపు మాత్రలలో మందును ద్రావణిలో కరిగించి నింపేవారు. రెండేళ్లు అంతా సవ్యంగా సాగింది. 1998లో ఉన్నట్టుండి మాత్రలు కరిగే పరీక్షలో విఫలమయ్యాయి. పరిశీలిస్తే అంతవరకు ఎవరూ చూడని కొత్త రకం స్ఫటికాలు వాటిలో కనిపించాయి. అణువు అదే, అమరిక మాత్రం వేరు. ఆ కొత్త స్ఫటికం పాతదాని కంటే చాలా తక్కువగా కరుగుతుంది. ఆ మాత్రల తయారీ ఆగిపోయింది. ప్రాణాలు నిలుపుకోవడానికి రోజూ ఆ మందు వేసుకోవలసిన రోగులు రుచి సహించరాని ద్రవ మందు తాగవలసి వచ్చింది.

1999లో కొత్త గొట్టపు మాత్ర వచ్చింది కాని దానిని శీతల పెట్టెలో ఉంచాలి. విద్యుత్తు సరిగా లేని ఎండ ప్రాంతాల రోగులకు అది ఎలా అందుతుంది? శాస్త్రజ్ఞులు మందును ఒక పాలిమరుతో కలిపి, వేడిచేసి కరిగించి, చల్లార్చారు. పాలిమరు పోగుల మధ్య చిక్కుకున్న మందు అణువులు మళ్లీ వరుస తీరలేకపోయాయి. ఈ పద్ధతిలో చేసిన రిటోనవిర్ మాత్ర 2010లో అమెరికాలో ఆమోదం పొందింది. దానికి శీతల పెట్టె అవసరం లేదు.

నాలుగవ మార్గం: భోజనం తోడు

జిడ్డు గిన్నెను నీటితో మాత్రమే కడిగితే జిడ్డు వదలదు. కుంకుడుకాయ రసమో సబ్బో తోడైతే వదులుతుంది. శరీరంలో కుంకుడుకాయ రసం చేసే పనిని పైత్యరసం చేస్తుంది. కాలేయం దీనిని తయారు చేస్తుంది. పిత్తాశయం నిలువ ఉంచుతుంది. కొవ్వు ఉన్న ఆహారం చిన్నప్రేగుకు చేరగానే పిత్తాశయం ముడుచుకొని పైత్యరసాన్ని విడుదల చేస్తుంది. అది కొవ్వును సన్నని బిందువులుగా విడగొడుతుంది. ఆ సమయంలో అక్కడ ఉన్న, నీటిలో కరగని మందు కూడా ఆ బిందువులలో చేరి ప్రేగు గోడను చేరుకుంటుంది.

మలేరియాకు ఆర్టీమీథర్, ల్యూమిఫాంట్రిన్ అనే రెండు మందులు కలిపిన మాత్ర ఇస్తారు. పరగడుపున కంటే కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో వేసుకున్నప్పుడు ల్యూమిఫాంట్రిన్ సుమారు 16 రెట్లు ఎక్కువగా ఒంటబట్టినట్లు పరీక్షలలో తేలింది. అందుకే ఆ మాత్రను భోజనంతో గాని పాలతో గాని ఇవ్వాలని చెబుతారు. జ్వరంతో నోరు చేదై అన్నం ముట్టని బిడ్డకు ఒక కప్పు పాలు తాగించడం అప్పుడు మందులో భాగమే అవుతుంది.

పాఠశాలల్లో పిల్లలకు నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చి నమిలి మింగమంటారు. భారతదేశంలో ఈ కార్యక్రమం 2015 నుండి జాతీయస్థాయిలో జరుగుతున్నది. ఈ మందు కూడా సరిగా కరగదు, తక్కువగా ఒంటబడుతుంది. కాని ఇక్కడ అది లోపం కాదు. పురుగులు ఉండేది ప్రేగులోనే కాబట్టి మందు అక్కడే ఉండడం మేలు. అదే మందును మెదడులో ఏర్పడిన బద్దెపురుగు తిత్తులకు వాడినప్పుడు రక్తంలోకి చేరాలి. అప్పుడు కొవ్వు ఉన్న భోజనంతో ఇస్తారు. దానివల్ల శోషణ ఐదు రెట్ల వరకు పెరుగుతుంది. మందు ఒకటే. అది చేరవలసిన చోటును బట్టి వేసుకునే పద్ధతి మారుతుంది.

ఆయుర్వేదంలో మందుతో పాటు తీసుకునే తేనె, నెయ్యి, పాలు వంటి వాటిని 'అనుపానం' అంటారు. తోడుగా తీసుకున్న పదార్థం మందు పనిని మార్చగలదన్న ఆలోచన ఆ మాటలో ఉంది. 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కొద్దిమంది ఆరోగ్యవంతులకు కర్‌క్యుమిన్‌తో పాటు మిరియాలలోని పైపెరిన్‌ను ఇచ్చి చూశారు. రక్తంలో చేరిన కర్‌క్యుమిన్ ఎన్నో రెట్లు పెరిగింది. అయితే పైపెరిన్ కర్‌క్యుమిన్‌ను కరిగించదు. ప్రేగులోను కాలేయంలోను అది త్వరగా మారిపోకుండా అడ్డుకుంటుందని భావిస్తారు. ఇదే పైపెరిన్ ఇతర మందుల మోతాదును కూడా రక్తంలో పెంచగలదు. కాబట్టి తోడు అన్ని వేళలా మేలే చేస్తుందని అనుకోరాదు.

గుర్తుంచుకోవలసిన విషయాలు

నూరితే త్వరగా కరుగుతుందని ప్రతి మాత్రనూ నూరకూడదు. కొన్ని మాత్రలను రోజంతా కొంచెం కొంచెంగా కరిగేటట్లు తయారు చేస్తారు. వాటిని నూరితే రోజంతటి మోతాదు ఒక్కసారిగా రక్తంలో చేరి ప్రమాదం కలగవచ్చు. కొన్నింటికి జీర్ణాశయంలోని ఆమ్లం తగలకుండా పూత ఉంటుంది. నూరితే ఆ పూత పోతుంది.

వైద్యుడు 'భోజనం తరువాత' అని రాసినా, 'పరగడుపున' అని రాసినా దాని వెనుక ఒక కారణం ఉంటుంది. చదువురాని తాతకో అవ్వకో మందు చీటీ చదివి చెప్పే పిల్లలు మందు పేరుతో పాటు ఆ మాటను కూడా తప్పకుండా చదివి చెప్పాలి. ఎన్నో ఏళ్ల పరిశ్రమ ఒక చిన్న మాత్రలో ఇమిడి ఉంటుంది. ఆ పరిశ్రమ ఫలించేది మందును వేసుకోవలసిన తీరులో వేసుకున్నప్పుడే.

కొత్త పదాలు – అర్థాలు

శోషణ = పీల్చుకోవడం, ఒంటబట్టడం
త్వచం = పలుచని పొర
కల్వం = మందులు నూరే రాతి పాత్ర
శిలీంధ్రం = బూజు జాతికి చెందిన జీవి
స్ఫటికం = అణువులు క్రమంగా అమరిన ఘనపదార్థం
ద్రావణి = ఇతర పదార్థాన్ని తనలో కరిగించుకొనే ద్రవం
పైత్యరసం = కాలేయంలో తయారయ్యే జీర్ణరసం
అనుపానం = మందుతో కలిపి గాని, మందు వెంట గాని తీసుకొనే పదార్థం
పరగడుపు = ఏమీ తినని కడుపు

అభ్యాసం

అ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. మందు రక్తంలో చేరడానికి దాటవలసిన రెండు ద్వారాలు ఏవి?
2. గ్రిసియోఫుల్విన్ మోతాదును సగానికి ఎలా తగ్గించగలిగారు?
3. రాపామైసిన్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
4. కొన్ని మాత్రలను ఎందుకు నూరకూడదు?

ఆ) పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. 1937లో అమెరికాలో జరిగిన దుర్ఘటనను వివరించి, దాని వల్ల వచ్చిన మార్పును తెలపండి.
2. పటికబెల్లానికి, పీచుమిఠాయికి గల భేదం ఆధారంగా రిటోనవిర్ కథను మీ సొంత మాటలలో రాయండి.
3. ఆల్బెండజోల్ తక్కువగా ఒంటబట్టడం ఒకచోట మేలు, మరొకచోట లోపం. ఎందుకు?

ఇ) కింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
ఒంటబట్టు, బూడిదలో పోసిన పన్నీరు, చెల్లాచెదురు

ఈ) వ్యాకరణం
1. జీర్ణ + ఆశయం = జీర్ణాశయం. ఇది సవర్ణదీర్ఘ సంధి. పాఠంలో ఇటువంటి మరొక పదాన్ని గుర్తించి విడదీయండి.
2. 'మందుమాకులు' అనే పదానికి విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.

ఉ) చేసి చూడండి
రెండు గ్లాసులలో సమానంగా నీరు పోయండి. ఒకదానిలో పటికబెల్లం ముక్కను, మరొకదానిలో అంతే బరువు గల పటికబెల్లం పొడిని వేయండి. రెండింటినీ ఒకే విధంగా కలుపుతూ, కరగడానికి పట్టిన కాలాన్ని రాసుకోండి.

ఊ) తెలుసుకోండి
'ఒంటబట్టడం' అనే అర్థంలో మీ ఇంటి పెద్దలు వాడే తెలుగు మాటలు సేకరించండి. మీ రాష్ట్ర భాషలో అదే అర్థం ఇచ్చే మాటను తెలుసుకొని పక్కన రాయండి.